అమ్మానాన్నలను బిజినెస్ క్లాస్‌లో అమెరికా పంపాలనుకుంటే: వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా వీధిలోనే ఏడెనిమిది ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. కూతురి కాన్పు అనో, కొడుకు పట్టా అందుకుంటున్నాడనో పెద్దవాళ్లు బయలుదేరుతారు. ఈమధ్య పిల్లలు "ఈసారి బిజినెస్ క్లాస్‌లో రండి" అంటున్నారు. డబ్బు వాళ్లదే అయినా టికెట్ చూసి, బేరీజు వేసి, విమానం ఎక్కించే పని ఇక్కడున్న మాలాంటి వాళ్ల మీద పడుతుంది. ఆ సందర్భాల్లో నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవి. మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకూడదన్నదే నా తాపత్రయం.

ఎకానమీకి మూడు నాలుగు రెట్లు పెట్టి బిజినెస్ క్లాస్ కొనడం అవసరమా?

అందరికీ అవసరం లేదు. మన లెక్క ఒకసారి చూడండి. వరంగల్ నుంచి శంషాబాద్‌కు మూడున్నర గంటలు. అక్కడ మూడు గంటల ముందు ఉండాలి. దుబాయ్‌కో దోహాకో నాలుగు గంటలు. అక్కడ మరో మూడు నాలుగు గంటలు. ఆపైన డల్లాస్‌కు దాదాపు పదహారు గంటలు. అంటే గడప దాటింది మొదలు ముప్ఫై గంటలు నడుము వాల్చే వీలుండదు. మోకాళ్లు అరిగినవారు, వెన్నునొప్పి ఉన్నవారు, డెబ్బై దాటినవారు ఈ ప్రయాణం తర్వాత కోలుకోవడానికి వారం పడుతుంది. వాళ్ల కోసమైతే ఈ ఖర్చు వృథా అని నేను ఎన్నడూ అనను. యాభై అయిదేళ్ల వయసులో ఆరోగ్యంగా ఉన్నవారికి మాత్రం ఎకానమీలో నడవా పక్క సీటు కొని, మిగిలిన డబ్బుతో మరోసారి వెళ్లి రమ్మని చెబుతాను. అప్పు చేసి మాత్రం కొనవద్దు.

నడిమి మార్గంగా ప్రీమియం ఎకానమీ ఉంది. సీటు వెడల్పుగా ఉంటుంది, కాళ్లు కాస్త చాపుకోవచ్చు, కానీ పడుకోలేరు. ఎమిరేట్స్, లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఇండియా కొన్ని విమానాల్లో ఈ తరగతి నడుపుతున్నాయి. ఖతార్ ఎయిర్‌వేస్‌లో లేదు.

ఏ సంస్థ మంచిది?

అందరూ మొదట అడిగేది ఇదే. సంస్థ పేరు కంటే ముందు, పొడవైన అంచెలో (ఒకే విమానంలో సాగే భాగంలో) ఏ విమానం నడుస్తుంది, అందులో సీట్లు ఎలా అమర్చారు అన్నది చూడాలి. ఒకే సంస్థ దగ్గర నాలుగు రకాల బిజినెస్ సీట్లు ఉంటాయి, ధర మాత్రం ఒకేలా ఉంటుంది.

సీట్ల అమరికను అంకెల్లో చెబుతారు. 1-2-1 అంటే కిటికీ వైపు ఒక్కో సీటు, మధ్యలో రెండు. ఎవరు లేవాలన్నా మరొకరిని దాటే పని లేదు. 2-2-2 అంటే కిటికీ దగ్గరివారు పక్కవారి కాళ్లు దాటి రావాలి. 2-3-2లో నడిమి సీటు కూడా ఉంటుంది. రాత్రి నాలుగుసార్లు లేవాల్సిన మధుమేహ రోగికి ఈ తేడా భోజనం కంటే, లాంజ్ (విమానాశ్రయంలో విశ్రాంతి తీసుకునే ప్రత్యేక గది) కంటే ఎంతో పెద్దది.

ఎమిరేట్స్‌నే తీసుకోండి. రెండంతస్తుల ఎ380లో బిజినెస్ 1-2-1గా ఉంటుంది. పాత బోయింగ్ 777లలో 2-3-2 ఉంటుంది. లోపలి భాగాన్ని కొత్తగా మార్చిన 777లలో మళ్లీ 1-2-1. ఖతార్ 2017లో తెచ్చిన క్యూసూట్‌లో సీటుకు తలుపు ఉంటుంది, నడిమి జంట సీట్లలో కొన్నింటిని కలిపి ఒకే పరుపులా చేసుకోవచ్చు. అయితే అది ఆ సంస్థ అన్ని విమానాల్లోనూ లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2019 నుంచి తలుపున్న క్లబ్ సూట్‌ను పెడుతోంది. లుఫ్తాన్సా 2024లో అలెగ్రిస్ పేరుతో కొత్త సీట్లు మొదలుపెట్టింది, పాత విమానాల్లో చాలావాటిలో 2-2-2 ఉంది. ఎయిర్ ఇండియా ఎ350లో 1-2-1 ఉంది. టాటాల చేతికి 2022లో వచ్చిన తర్వాత ఆ సంస్థ పాత విమానాలను ఒక్కొక్కటిగా మారుస్తోంది కాబట్టి తేదీతో సహా చూసుకోవాలి.

విమానం రకం కొనుగోలు పేజీలో "విమాన వివరాలు" నొక్కితే కనబడుతుంది. దాంతో ఆగకుండా సీట్ల పటం తెరవండి. వరుసలో ఎన్ని సీట్లున్నాయో కళ్లతో లెక్కపెట్టండి. కొన్న తర్వాత కూడా సంస్థ విమానాన్ని మార్చవచ్చు. అందుకే నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మళ్లీ చూడాలి.

ఇంకొక సంగతి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350లలో లోపలి గాలి పీడనం దాదాపు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది. పాత రకాల్లో అది 8,000 అడుగుల దాకా వెళ్తుంది. ఊపిరితిత్తుల బలహీనత ఉన్న పెద్దవారికి మొదటి రకం హాయి. గుండె, శ్వాస సమస్య ఉంటే టికెట్ కొనే ముందే డాక్టరును అడగండి. పడుకునే సీటు ఉంది కదా అని పదహారు గంటలూ పడుకోకూడదు. రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్య లేచి నడవడం అక్కడా తప్పనిసరే.

దంపతులకు ఏ సీట్లు తీసుకోవాలి?

1-2-1లో నడిమి రెండు. కిటికీ సీట్లలో ముందూ వెనుకా కూర్చోబెడితే పదహారు గంటలు ఒకరికొకరు కనబడరు. కొన్ని అమరికల్లో నడిమి జంటలోనూ సీట్లు దూరదూరంగా ఉంటాయి, పటంలో అవి పక్కపక్కనే అతుక్కుని కనిపించే వరుసను ఎంచుకోండి. వంటగదికి, మరుగుదొడ్డికి ఆనుకున్న వరుసలు వద్దు. మొదటి వరుసలో ఉయ్యాల తొట్టెలు బిగిస్తారు కాబట్టి పసిపిల్లల ఏడుపు ఉండవచ్చు.

టికెట్ మీద బిజినెస్ అని ఉంటే ప్రయాణం మొత్తం బిజినెస్సేనా?

కాకపోవచ్చు. నేను చేసిన తప్పు ఇక్కడే. మా అమ్మానాన్నలకు మొదటిసారి టికెట్లు కొన్నప్పుడు, మాకు తెలిసిన ఒక ట్రావెల్స్ వారు "బిజినెస్ క్లాస్, మంచి ధర" అన్నారు. కాగితం మీద పైన పెద్ద అక్షరాల్లో అదే ఉంది. తీరా చూస్తే హైదరాబాద్ నుంచి నాలుగు గంటల అంచె బిజినెస్, ఆ తర్వాతి పదిహేను గంటలు ఎకానమీ. విమానం మారే చోట గేటు దగ్గర బోర్డింగ్ పాస్ చూసి అమ్మ ఫోను చేసింది. నేను ఏమీ చేయలేకపోయాను. ఆమె మోకాళ్ల నొప్పి తగ్గడానికి పది రోజులు పట్టింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఒక అంచెలో బిజినెస్ ఖాళీ లేకపోతే కంప్యూటర్ ఇలా కలగలిపిన ప్రయాణాన్ని చూపిస్తుంది. అందులో మోసం ఉండనక్కరలేదు, కానీ అడగనివారికి ఎవరూ చెప్పరు. ప్రతి అంచె కింద తరగతి ఏమని రాసి ఉందో విడివిడిగా చదవండి. ఒక అంచె తప్పదంటే చిన్న అంచెనే ఎకానమీగా ఉంచుకోండి.

ఒకే విమానంలో రెండు మూడు బిజినెస్ ధరలు కనిపిస్తున్నాయి. తక్కువది కొంటే నష్టమేమిటి?

సీటు అదే, భోజనం అదే. చుట్టూ ఉన్న వసతులు, నిబంధనలు మారతాయి. ఎమిరేట్స్‌లో అన్నిటికంటే చౌకైన స్పెషల్ ధరలో లాంజ్ ప్రవేశం ఉండదు, ఇంటి నుంచి కారు ఉండదు. ఖతార్‌లో లైట్ ధరకు లాంజ్ లేదు, సీటు ముందుగా ఎంచుకోవాలంటే విడిగా డబ్బు కట్టాలి. తెల్లవారుజామున నాలుగు గంటలు దోహాలో గడపాల్సిన పెద్దవారికి లాంజ్ విలాసం కాదు, అవసరం. మరో సమస్య తేదీ మార్పు. కాన్పు కోసం వెళ్లేవారి తిరుగు ప్రయాణం ఎప్పుడూ అనుకున్న రోజున జరగదు. వాళ్లకు తేదీ మార్చుకునే వీలున్న ధరే చివరికి చౌక.

కారు సౌకర్యం గురించి ఒక మాట. సంస్థలు ఇచ్చే కారుకు దూర పరిమితి ఉంటుంది. హనుమకొండ ఇంటి ముందుకు వస్తుందని లెక్కలో వేసుకోవద్దు.

గల్ఫ్ మీదుగా మంచిదా, యూరప్ మీదుగానా?

పిల్లలు ఉన్న ఊరిని బట్టి తేలాల్సిన విషయం ఇది. డల్లాస్, హ్యూస్టన్, చికాగో, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాలకు దుబాయ్ నుంచో దోహా నుంచో నేరుగా విమానాలున్నాయి కాబట్టి ఒక్కసారి మారితే చాలు. అమెరికాలో మరోసారి మారాల్సి వస్తే, మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించాలి. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవారికి ప్రయాణం మొత్తంలో కష్టమైన ఘట్టం ఇదే. అందుకే కూతురు నాలుగు గంటలు కారు నడిపి వచ్చినా సరే, రెండో మార్పు లేని నగరాన్నే ఎంచుకోమంటాను.

అబుదాబి మీదుగా వెళ్లే ఎతిహాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు జరుగుతున్నాయి. అవి ముగించుకుని విమానం ఎక్కితే, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగి బయటికి రావచ్చు. అలసిపోయి దిగాక గంటన్నర వరుసలో నిలబడే పని తప్పుతుంది. కాకపోతే ఆ తనిఖీకి అబుదాబిలో సమయం పడుతుంది కాబట్టి మూడు గంటల వ్యవధి ఉన్న ప్రయాణమే తీసుకోండి.

యూరప్ దారిలో రెండు అంచెలూ దాదాపు సమానంగా, ఎనిమిది తొమ్మిది గంటల చొప్పున పడతాయి. మధ్యలో దిగి కాసేపు నడవడం కొందరికి నయం. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో మారేవారు ట్రాన్సిట్ వీసా నిబంధన చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే సాధారణంగా మినహాయింపు వర్తిస్తుంది. తిరిగి వచ్చే రోజుకు ఆ వీసా గడువు ముగిసిపోయేలా ఉంటే ముందే ఆ దేశాల అధికారిక పేజీలో సరిచూసుకోవాలి.

రెండు వేర్వేరు టికెట్లు కొంటే తక్కువకు వస్తోంది. కొనవచ్చా?

పెద్దవాళ్లకు వద్దు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసింది. అలాంటి రోజున మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉన్నవారికి మరో విమానం చూపించాల్సింది సంస్థే. విడి టికెట్లు ఉన్నవారు రెండోది మళ్లీ సొంత డబ్బుతో కొనుక్కోవాలి.

ఎప్పుడు కొంటే ధర తగ్గుతుంది?

నికరమైన రోజు అంటూ ఏదీ లేదు. రద్దీ మాత్రం తెలుసు. మే నెల పట్టాల పండుగ, జూన్, ఆగస్టులో చదువులకు వెళ్లే పిల్లల తాకిడి, డిసెంబరు సెలవులు, సంక్రాంతి. ఈ రోజుల్లో వెళ్లాలంటే ఐదారు నెలల ముందు చూడటం మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చి, అక్టోబరు చివర వంటి నెలల్లో సంస్థలు తగ్గింపులు ప్రకటించే అవకాశం ఎక్కువ. తేదీ అటూఇటూ మూడు రోజులు జరిపి చూడండి, తేడా మీకే ఆశ్చర్యం కలిగిస్తుంది.

పన్ను కూడా లెక్కలో వేసుకోండి. బిజినెస్ క్లాస్ టికెట్ మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 18 శాతం. ఎకానమీకి 5 శాతమే. పాత ధరలు గుర్తుపెట్టుకుని పోల్చేవారికి అందుకే తేడా కనిపిస్తోంది.

పిల్లలు అమెరికా నుంచే విమాన సంస్థ సైటులో కొంటే ఒక రక్షణ ఉంది. ప్రయాణానికి 7 రోజులు లేదా అంతకంటే ముందు కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలు గానీ, డబ్బు కట్టకుండానే ధరను 24 గంటలు నిలిపి ఉంచే వీలు గానీ ఇవ్వాలని అక్కడి నిబంధన. ఆ ఒక్క రోజును పేర్ల అక్షరాలు, అంచెలు, సీట్ల అమరిక సరిచూడటానికి వాడుకోండి.

ఒకవైపు మాత్రమే బిజినెస్ తీసుకుంటే ఎటువైపు?

విమానం బయలుదేరే వేళ చూసి నిర్ణయించండి. గల్ఫ్ నుంచి అమెరికాకు వెళ్లే విమానాలు చాలావరకు పొద్దున బయలుదేరి అక్కడి మధ్యాహ్నానికి చేరతాయి. తిరుగు ప్రయాణంలో సాయంత్రమో రాత్రో బయలుదేరేవి ఎక్కువ, పరుపు నిజంగా ఉపయోగపడేది అప్పుడే. అయినా మొదటిసారి వెళ్లే పెద్దవారికి నేను వెళ్లేటప్పుడే తీసుకోమంటాను. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక విమానం ఎక్కి, ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాకే ఆ పొడవైన అంచెకు చేరుకుంటారు. విడివిడిగా రెండు వన్‌వే టికెట్లు కొనడం కంటే, రానూపోనూ ఒకే టికెట్‌లో రెండు తరగతులు కలపడం చాలాసార్లు చౌక.

క్రెడిట్ కార్డు పాయింట్లతో వస్తుందట, నిజమేనా?

నిజమే, ఓపిక కావాలి. కొన్ని కార్డుల పాయింట్లను విమాన సంస్థల మైళ్లుగా, అంటే టికెట్ కొనడానికి పనికొచ్చే పాయింట్లుగా, మార్చుకోవచ్చు. ముందు సీటు ఖాళీ ఉందో చూసి, ఆ తర్వాతే పాయింట్లు మార్చండి. మార్చినవి వెనక్కి రావు. పన్నులు, ఇంధన రుసుము మళ్లీ కట్టాల్సిందే. ఇద్దరికీ ఒకే విమానంలో దొరకడం కష్టం కాబట్టి తేదీ ఖరారైన ప్రయాణానికి దీన్ని నమ్ముకోవద్దు.

ఎవరైనా "సగం ధరకే బిజినెస్" అని ఇంకెవరి మైళ్లతోనో తీసిన టికెట్ అమ్మజూపితే దూరంగా ఉండండి. అది నిబంధనలకు విరుద్ధం. తెలిసిన రోజున సంస్థ ఆ టికెట్‌ను రద్దు చేస్తుంది.

మన ఊరి ట్రావెల్స్ దగ్గర కొనాలా, నేరుగా సంస్థ దగ్గరా?

మంచి ట్రావెల్స్ వారు నిజంగా ఉపకారం చేస్తారు. రాత్రి పదకొండు గంటలకు ఫోను ఎత్తే మనిషి ఊళ్లో ఉండటం చిన్న విషయం కాదు. అయితే తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా సంస్థ "కొన్నచోటే అడగండి" అంటుంది, వారి రుసుము విడిగా ఉంటుంది. ధర తేడా తక్కువైతే నేను నేరుగా కొంటాను.

ఎవరి దగ్గర కొన్నా టికెట్ నంబరు అడగండి. పీఎన్‌ఆర్ వచ్చినంత మాత్రాన టికెట్ వచ్చినట్టు కాదు, అది సీటు పట్టి ఉంచారనే గుర్తు మాత్రమే. అసలు టికెట్‌కు 13 అంకెలుంటాయి. మొదటి మూడూ టికెట్ జారీచేసిన సంస్థవి. ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157, ఎతిహాద్‌కు 607, ఎయిర్ ఇండియాకు 098. డబ్బు కట్టిన రోజే సంస్థ సైటులో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి మీరే చూడండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఏమి చేయాలి?

మన పెద్దవారిలో ఇది చాలామందికి ఉంది. అలాంటివారి అమెరికా వీసాలో మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడి, అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది. టికెట్‌లో పేరు ఎలా రాయాలో ఒక్కో సంస్థకు ఒక్కో పద్ధతి, కొనే ముందే వారిని అడగాలి. ప్రయాణానికి వ్యవధి ఉంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించడం మేలు. వీసాకు దరఖాస్తు చేయకముందే ఆ పని జరగాలి.

శాకాహార భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది, అడగాలి. టికెట్ పేజీలో ఆసియా శాకాహార భోజనం ఎంచుకోండి, దాని గుర్తు ఏవీఎంఎల్. హిందూ భోజనం అని రాసి ఉన్నది చూసి చాలామంది శాకాహారమనుకుంటారు. కాదు. అందులో గొడ్డుమాంసం ఉండదు కానీ కోడి, మేక మాంసం, చేప ఉండవచ్చు. మా నాన్నకు ఈ తేడా తెలియక మొదటి పూట పస్తున్నారు. ఇరవై నాలుగు గంటల ముందే చెప్పాలి, రెండు అంచెలకూ నమోదైందో లేదో చూడాలి. మధుమేహం ఉన్నవారికి విడిగా భోజనం ఉంది. అయినా మందులు, ఇన్సులిన్, చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి.

బిజినెస్ తీసుకున్నాక వీల్‌చైర్ కూడా అడగవచ్చా?

తప్పకుండా అడగండి. దానికి డబ్బు లేదు, తరగతితో సంబంధం లేదు. టికెట్ తీసిన రోజే నమోదు చేయించండి. మారే చోట దారి చూపించే మనిషి తోడుంటాడన్న ధైర్యం నడవగలిగిన పెద్దవారికి కూడా కావాలి.

మామునూరు విమానాశ్రయం వస్తే అక్కడి నుంచే వెళ్లవచ్చా?

నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది పనిచేయడం మొదలయ్యాక కూడా దూరదేశాల విమానాలు శంషాబాద్ నుంచే ఉంటాయి. మీ ప్రయాణం జాతీయ రహదారి 163 మీదే అనుకోండి.

ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలి?

విమానం వేళకు ఏడున్నర గంటల ముందు. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి వెళ్లే పని లేదు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చేవారు శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కాలి, ఎనిమిది గంటలు పెట్టుకోండి. ఆదిలాబాద్ వారు ముందురోజే వచ్చి హైదరాబాద్‌లో బంధువుల ఇంట పడుకోవడం ఉత్తమం. రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో 163 మీద బండ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో టికెట్ తీయకుండా ఉండటమే తెలివైన పని. తప్పకపోతే ఒక పూట ముందు కదలండి.

తరచూ వచ్చిపోయే భారతీయ పౌరులు, ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) పిల్లలు వేగవంతమైన ఇమిగ్రేషన్ పథకంలో పేరు నమోదు చేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ అది ఉంది.

సామాను ఎంత? పచ్చళ్లు, ఒడిబియ్యం తీసుకెళ్లవచ్చా?

అమెరికాకు చాలా సంస్థల్లో బిజినెస్ ప్రయాణికుడికి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు. ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు, డబ్బు కట్టినా తీసుకోరు. పెట్టె పగిలితే విమానాశ్రయం వదలకముందే చెప్పి, 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా వస్తే 21 రోజుల గడువు ఉంది.

మామిడికాయ పచ్చడి గట్టిగా మూసి పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో భద్రతా సిబ్బంది ఆపేస్తారు. మాంసం పచ్చళ్లు, పండ్లు, విత్తనాలు వద్దు. తినే వస్తువులు ఏవి ఉన్నా అమెరికా కస్టమ్స్ దగ్గర ఉన్నాయనే చెప్పాలి, దాచిపెడితే జరిమానా.

ఇక ఒడిబియ్యం. అక్కడున్న కూతురికి ఒడి నింపాలని ఎందరో తల్లులు బియ్యం, కుడుకలు (ఎండుకొబ్బరి చిప్పలు) మూట కడతారు. రెండూ పోనివ్వరు. ఎండుకొబ్బరి నూనె గుణం వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదముందని 2022 మార్చి నుంచి పెద్ద పెట్టెల్లో నిషేధించారు. ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా 2011 నుంచి అనుమతించడం లేదు. పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, చీర ఇక్కడి నుంచి పంపండి. బియ్యం, కుడుకలు అక్కడి భారతీయ దుకాణంలో కొని ఒడి నింపుతున్నారు, మా అమ్మ కూడా అలాగే చేసింది.